పాత కంప్యూటర్‌లో డీవీడీ ఎక్కడ ఇరుక్కుంటుంది?

పెళ్లి డీవీడీ తలంబ్రాల దాకా బాగానే నడుస్తుంది. అప్పగింతల దగ్గరికి రాగానే బొమ్మ బిగుసుకుపోతుంది, సన్నాయి మాత్రం రెండు క్షణాలు సాగి తెగిపోతుంది. హనుమకొండలో అడిగినా జగిత్యాలలో అడిగినా ముందుగా వినిపించే సలహా ఒకటే: సిస్టం పాతదైపోయింది, మార్చెయ్యండి. చాలాసార్లు అది తప్పు సలహా.

లెక్క చూడండి. డీవీడీలో బొమ్మ, మాట అన్నీ కలిపి సెకనుకు 10.08 మెగాబిట్లు దాటకూడదు. అంటే సుమారు 1.26 మెగాబైట్లు. డ్రైవ్ 1ఎక్స్, అంటే ఒక రెట్టు వేగమే సెకనుకు 1.385 మెగాబైట్లు, ఇళ్లలో ఎక్కువగా ఉన్నవి దానికి పదహారు రెట్ల దాకా పోయే 16ఎక్స్ డ్రైవ్‌లు. ఎంపెగ్-2 పద్ధతిలో కుదించిన ఆ బొమ్మను విప్పడం 600 మెగాహెర్ట్జ్ పెంటియం 3 వల్ల కూడా అవుతుంది. (మన దగ్గర డబ్బా మొత్తాన్నీ సీపీయూ అంటారు, ఇక్కడ ప్రాసెసర్ అంటే లోపలి చిప్పు ఒక్కటే.) పెంటియం 4 ఉన్న సిస్టం సతాయిస్తోందంటే దానికి చేతగాక కాదు, దారిలో ఏదో అడ్డం పడింది.

ఆ అడ్డం ఎక్కడో తేల్చడానికి ఒక పరీక్ష చాలు. ఇంట్లో పెళ్లిదో బతుకమ్మదో స్టూడియోవాళ్లు రాసిచ్చిన డిస్కు తీసుకోండి. సినిమా డిస్కులకు కాపీ కాకుండా తాళం ఉంటుంది, ఈ పరీక్షకు పనికిరావు. అందులోని వీడియో_టీఎస్ ఫోల్డర్‌ను హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి, అక్కడి నుంచి వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో ఆడించండి. సాఫీగా ఆడితే తప్పు డ్రైవ్ వైపు ఉంది. అప్పుడూ ఆగాగి ఆడితే గ్రాఫిక్స్‌నో వేడినో అనుమానించాలి. నిండు డిస్కు, అంటే 4.7 గిగాబైట్లు, కాపీ కావడానికి 1ఎక్స్‌లో 57 నిమిషాలు పడుతుంది. 16ఎక్స్ డ్రైవ్ కూడా దాదాపు అంతసేపు లాగుతోందంటే జబ్బు దొరికినట్టే.

విండోస్ ఎక్స్‌పీ సిస్టంలలో ఆ జబ్బు పేరు పీఐఓ మోడ్. మామూలుగా డ్రైవ్ నుంచి వచ్చే డేటా డీఎంఏ పద్ధతిలో నేరుగా ర్యామ్‌లోకి పోతుంది. పీఐఓలో దాన్నంతా రెండేసి బైట్ల చొప్పున ప్రాసెసరే మోయాలి. ఏనుమాముల మార్కెట్లో లెక్కలు రాసే గుమస్తా చేత బస్తాలు మోయించినట్టు. గీతలు పడ్డ ఒక్క డిస్కు చాలు దీనికి: చదవడంలో తప్పులు ఆరుసార్లు నమోదయ్యాక ఎక్స్‌పీ ఒక్కో మెట్టు కిందికి దిగుతూ చివరికి పీఐఓలో పడుతుంది. తర్వాత ఎంత మంచి డిస్కు పెట్టినా తనంతట తాను పైకి రాదు. టాస్క్ మేనేజర్‌లో వ్యూ మెనూ నుంచి షో కెర్నల్ టైమ్స్ పెట్టి చూడండి. సినిమా ఆడుతుంటే విండోస్ సొంత పనికి పోయే ప్రాసెసర్ సమయాన్ని చూపే ఎర్రగీత పైపైకి పోతోందంటే ఇదే కారణమని అనుమానించవచ్చు.

బాగుచెయ్యడం తేలికే. డివైస్ మేనేజర్‌లో సెకండరీ ఐడీఈ ఛానెల్ (డీవీడీ డ్రైవ్ సాధారణంగా తగిలించి ఉండే దారి) తెరిచి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో కరెంట్ ట్రాన్స్‌ఫర్ మోడ్ చూడండి. ట్రాన్స్‌ఫర్ మోడ్ దగ్గర ‘డీఎంఏ ఇఫ్ అవైలబుల్’ ఎంచుకున్నా పీఐఓ అనే చూపిస్తే, ఆ ఛానెల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి సిస్టం రీస్టార్ట్ చెయ్యాలి. విండోస్ దాన్ని కొత్తగా గుర్తుపట్టి తప్పుల లెక్క మళ్లీ మొదలుపెడుతుంది. నాలుగు రోజులకే తిరిగి పీఐఓలో పడితే డ్రైవ్‌ను మదర్‌బోర్డుకు కలిపే పట్టీలాంటి రిబ్బన్ కేబుల్ మార్చండి. కొత్త డ్రైవ్ కొనడం ఆ తర్వాతి మాట.

కాపీ మధ్యలోనే ఆగిపోయిందా? అయితే డిస్కో లెన్సో. డీవీడీలో ఒక వరుసకూ పక్క వరుసకూ ఎడం 0.74 మైక్రాన్లు. చిన్న గీత కూడా ఎన్నో వరుసల మీదుగా పోతుంది. డేటా 32 కిలోబైట్ల దిమ్మెలుగా ఉంటుంది. దిమ్మెలో కొంత పాడైతే డ్రైవే సరిదిద్దుకుంటుంది, మించితే మళ్లీ మళ్లీ చదువుతుంది. బొమ్మ బిగుసుకునేది అప్పుడే. మెత్తటి తడిబట్టతో మధ్య నుంచి అంచుకు తుడవాలి. గుండ్రంగా తుడిస్తే కొత్త గీత వరుస వెంబడే పడి, సరిదిద్దుకునే వీలు పోతుంది. 8.5 గిగాబైట్ల రెండు పొరల సినిమా డిస్కుల్లో నడుమ ఒకసారి క్షణంపాటు ఆగడం మాత్రం లోపం కాదు. లేజర్ ఒక పొర నుంచి మరో పొరకు మారుతోంది, అంతే.

ఇక గ్రాఫిక్స్. 720×576 బొమ్మలు సెకనుకు 25 అంటే విప్పాక 15 మెగాబైట్లకు పైనే. దాన్ని 1024×768 తెరంతా నింపేలా సాగదీసి రంగులు మారిస్తే సెకనుకు 78 మెగాబైట్లు. ఈ పని గ్రాఫిక్స్ చిప్పుది. విండోస్ కొత్తగా వేసి మదర్‌బోర్డు డ్రైవర్లు వెయ్యడం మరిచిపోతే ఇదంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. చిన్న కిటికీలో బాగా ఆడి ఫుల్ స్క్రీన్‌లో తడబడితే ముందు డ్రైవర్ సంగతి చూడండి. వీఎల్‌సీలో డీఇంటర్లేస్ (బొమ్మలో కనిపించే అడ్డగీతల్ని పోగొట్టే పని) ‘యాడిఫ్’ అని ఉంటే ‘బ్లెండ్’కి మార్చినా భారం తగ్గుతుంది.

మొదటి అరగంట బాగా ఆడి తర్వాత మొదలయ్యే తడబాటుకు కారణం తరచుగా వేడి. పెంటియం 4 కాగిపోతే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మే నెల ఎండలకు తోడు పత్తి పింజెలు, గోదావరిఖని వైపైతే బొగ్గు దుమ్ము హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మ) రెక్కల మధ్య దట్టంగా పేరుకుంటాయి. ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టండి. ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఎండి పెళుసెక్కిన థర్మల్ పేస్టును గీకి, శనగగింజంత కొత్తది పెట్టండి.

పరీక్ష కోసం చేసిన కాపీని చెరిపెయ్యకండి. ఇంట్లో రాసిన డీవీడీల రంగుపొర ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతుంది. ఆ కాపీలో వీడియో ఉండే ఒక్కో వీఓబీ ఫైలు ఒక గిగాబైటుకు మించదు కాబట్టి మరీ పెద్ద ఫైళ్లను తీసుకోని ఫ్యాట్32 పద్ధతి పెన్‌డ్రైవ్‌లోకి కూడా ఉన్నదున్నట్టు ఎక్కుతుంది.