వీల్‌చెయిర్‌లో చిత్రశాలకు: అపోహలు - వాస్తవాలు

చిన్న ఊళ్ల ఆర్ట్ గ్యాలరీల్లో బొమ్మలు గోడకు తగిలించడం, వచ్చినవాళ్లకు దగ్గరుండి చూపించడం నా పని. వీల్‌చెయిర్‌లో వచ్చేవారి గురించి ఈ రంగంలో రోజూ వినే మాటలు కొన్ని.

అపోహ: ర్యాంపు కట్టేశాం, ఇక అయిపోయినట్టే.

వాస్తవం: అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల ర్యాంపు కావాలి. మూడు మెట్ల గుమ్మానికి దాదాపు పద్దెనిమిది అడుగులు. ఆరడుగుల్లో ముగించేస్తే చేతులతో చక్రాలు తిప్పుకుంటూ ఎక్కడం కష్టం, దిగడం ప్రమాదం.

లోపలికి వచ్చాక ఇంకో సంగతి. బొమ్మ మధ్యభాగం నేల నుంచి ఐదడుగుల ఎత్తులో ఉండేలా తగిలిస్తాం. కూర్చున్నవారి కళ్లు నాలుగడుగుల దగ్గరుంటాయి. ఏళ్ల తరబడి నేనూ ఇది పట్టించుకోలేదు. ఒకసారి వీల్‌చెయిర్‌లో వచ్చిన కాలేజీ అమ్మాయి ఒక నీటిరంగుల బొమ్మ ముందు ఆగి, "సార్, నాకు ట్యూబులైటే కనిపిస్తోంది" అంది. పక్కన గొంతుక్కూర్చుని చూశాను. నిజమే, అద్దం నిండా వరండా లైటు తెల్లటి గీతలా పడి ఉంది. బొమ్మలో నది ఉందన్న సంగతే తెలియడం లేదు. నీటిరంగులు వెలిసిపోకుండా వెలుతురు 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురు కొలమానం) మించనివ్వం కాబట్టి, ఆ మసకలో చిన్న మెరుపు పడినా బొమ్మ మాయమైపోతుంది. ఆ లైటు తీసేసి, ఆ వరుసను అరడుగు దించాం. నిలబడి చూసేవాళ్లెవరూ ఇబ్బంది పడలేదు.

అపోహ: ఇద్దరం కుర్చీ పట్టుకుని లేపేస్తాం, టెన్షన్ వద్దు.

వాస్తవం: చాలా కుర్చీల చేతులు ఊడివచ్చేలా ఉంటాయి. వాటిని పట్టుకుని లేపితే చెయ్యి మీ చేతిలోకి వస్తుంది, మనిషి కింద పడతారు. బ్యాటరీ కుర్చీ ఒక్కటే వంద కిలోలు దాటవచ్చు. పైగా ఆ కుర్చీ వారి ఒంట్లో భాగం లాంటిది. అడగకుండా ముట్టుకోకండి.

అపోహ: ఫోన్‌లో ఫొటోలు చూస్తే చాలదా?

వాస్తవం: చాలదు. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) పేరిట చిత్రశాల ఉన్నది ఆయన బొమ్మలను ఎదురుగా నిలిచి చూడటానికే. కాగితం గరుకు, కుంచె ఆగిన చోటు ఫొటోలో రావు. కళను అందరికీ అందుబాటులో ఉంచాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ కూడా చెబుతోంది.

వెళ్లేవారికి ఒక మాట. ముందుగా ఫోన్ చేసి "వీల్‌చెయిర్‌తో రావొచ్చా?" అని అడిగితే "రండి, ఏం పర్లేదు" అంటారు. ఎత్తుకెళ్దామన్నది వాళ్ల ఆలోచన. అందుకే మెట్లెన్ని, తలుపు వెడల్పెంత, టాయిలెట్ తాళం ఎవరి దగ్గరుంది, అందులో చీపుళ్లు, బకెట్లు పెట్టారా అని విడివిడిగా అడగండి.