ఆరు మార్గాల ధ్వని మన సౌండ్‌బార్ దాకా వస్తున్నదా?

ఒంగోలులోనో నెల్లూరులోనో కొన్న సౌండ్‌బార్ పెట్టె మీద 5.1 అనీ డాల్బీ అనీ ముద్రించి ఉన్నంత మాత్రాన, ఇంటికి తెచ్చి టీవీకి తగిలించగానే క్రికెట్ మైదానంలోని జనఘోష మన వెనకనుంచి వినిపిస్తుందని అనుకోవడానికి వీల్లేదు. ఆ అంకె ఆ పరికరం ఎలాంటి ధ్వనిని స్వీకరించగలదో చెబుతుందే గాని, దాని దాకా ఎలాంటి ధ్వని చేరుతున్నదో చెప్పదు. ప్రసార సంస్థ, సెట్‌టాప్ బాక్సు, టీవీ, వాటిని కలిపే తీగ, వీటిలో ఏ ఒక్కటి 5.1లోని ఆరు మార్గాలను, అంటే విడివిడి ధ్వని ధారలను, రెండుగా కుదించినా సౌండ్‌బార్‌కు అందేది ఆ రెండే. ఆపైన అది వినిపించే పరిసర ధ్వని అంతా అంచనా మీద అల్లినదే. చాలా ఇళ్లలో జరుగుతున్నది ఇదేనని నా అభిప్రాయం. దీనికి మందు తరచుగా కొత్త సౌండ్‌బార్ కాదు, రిమోట్‌లోని ఒక సెట్టింగ్.

5.1 అంటే ముందు ఎడమ, కుడి, మధ్య మూడు మార్గాలు, వినేవారికి ఇరుపక్కలా కాస్త వెనకగా రెండు మార్గాలు. చుక్క తరువాతి ఒకటి సుమారు 120 హెర్ట్జ్‌లకు లోబడిన గర్జనలకు మాత్రమే కేటాయించినది కనుక దాన్ని పూర్తి మార్గంగా లెక్కించరు. ఒక్కో మార్గాన్ని సెకనుకు 48,000 నమూనాల చొప్పున, నమూనాకు 16 బిట్ల చొప్పున ఉన్నదున్నట్లు పంపితే ఆరింటికీ కలిపి సెకనుకు 46 లక్షల బిట్లు కావాలి. 1992లో సినిమా హాళ్లలోకి వచ్చిన డాల్బీ డిజిటల్ అనే కుదింపు పద్ధతి ఈ భారాన్ని దాదాపు పదో వంతుకు తగ్గించింది. పెద్ద శబ్దం ఒకటి వినిపిస్తున్నప్పుడు దానికి దగ్గరి శ్రుతిలో ఉన్న చిన్న శబ్దాన్ని మన చెవి పట్టుకోలేదు కాబట్టి, అలా మరుగున పడేదానికి బిట్లు ఖర్చు చేయకపోవడమే దాని కిటుకు.

మన దేశంలో మామూలు ఎస్‌డీ చానళ్లు ఎక్కువగా రెండు మార్గాల స్టీరియోనే పంపుతాయి. కొన్ని హెచ్‌డీ చానళ్లు సినిమాలకూ ఆటలకూ డాల్బీ డిజిటల్‌కు తరువాతి రూపమైన డాల్బీ డిజిటల్ ప్లస్ పద్ధతిలో 5.1 ఇస్తాయి, అయితే చానల్ 5.1గా కనిపిస్తున్నా, కార్యక్రమాన్ని స్టీరియోలోనే తయారు చేసి ఉంటే వెనక మార్గాలు మౌనంగానే ఉంటాయి. వార్తలు, సీరియళ్లు చూస్తూ సౌండ్‌బార్ పనితీరును బేరీజు వేయడం అందుకే సరికాదు.

బాక్సు దగ్గరికి వస్తే, దాని ఆడియో సెట్టింగ్ స్టీరియో అని ఉన్నప్పుడు ఆరు మార్గాలూ అక్కడే రెండైపోతాయి; దాన్ని డాల్బీకి మార్చాలి. తరువాత టీవీ. డిజిటల్ సౌండ్ ఔట్ అనే చోట పీసీఎం (కుదించని డిజిటల్ ధ్వని) అని ఉంటే టీవీ తానే ధ్వనిని విప్పి, సాధారణంగా రెండు మార్గాలుగా కలిపి బయటికి పంపుతుంది. ఆటో, బిట్‌స్ట్రీమ్, పాస్ త్రూ వంటి మాటల్లో ఏదో ఒకటి ఎంచుకుంటే వచ్చిన మూటను విప్పకుండా సౌండ్‌బార్‌కు అందిస్తుంది. ఇక తీగ. ఆప్టికల్ తీగ స్టీరియో పీసీఎంను గాని, కుదించిన డాల్బీ డిజిటల్‌ను గాని మోయగలదు. డాల్బీ డిజిటల్ ప్లస్ దానికి పట్టదు కనుక టీవీ దాన్ని మార్చి పంపవలసి ఉంటుంది. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన ఆర్క్, అంటే టీవీ ధ్వనిని హెచ్‌డీఎంఐ తీగలోనే సౌండ్‌బార్‌కు తిప్పి పంపే ఏర్పాటు, ఆ ప్లస్‌ను కూడా మోయగలదు, హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన ఈ-ఆర్క్ కుదించని బహుమార్గ ధ్వనిని సైతం మోస్తుంది. టీవీ వెనక హెచ్‌డీఎంఐ రంధ్రాలు ఎన్ని ఉన్నా ఆర్క్ అని రాసి ఉన్నదే ఇందుకు పనికొస్తుంది. బాక్సునుంచి వచ్చే ధ్వనిని స్టీరియోగానే బయటికి వదిలే పాత టీవీలు కూడా ఉన్నాయి. సౌండ్‌బార్‌కు హెచ్‌డీఎంఐ ఇన్ ఉంటే, బాక్సును నేరుగా దానికే కలపడం అప్పుడు మేలు.

రెండు మార్గాలే అందినప్పుడు సౌండ్‌బార్ కూడికా తీసివేతా చేస్తుంది. ఎడమ కుడి రెండింటిలోనూ సమానంగా ఉన్నదాన్ని మధ్యకు, రెండింటికీ మధ్య తేడాగా మిగిలినదాన్ని పక్కలకు పంపుతుంది. నెల్లూరు వారు తమవాడిగా చెప్పుకునే బాలసుబ్రహ్మణ్యం పాడిన స్టీరియో పాటల్లో ఆయన గొంతు సాధారణంగా రెండు మార్గాల్లోనూ సమానంగా ఉంటుంది కనుక మధ్యలో నిలుస్తుంది. వాద్యాల విస్తృతి, ప్రతిధ్వని పక్కలకు జరుగుతాయి. వినడానికి ఇది హాయిగానే ఉండవచ్చు గాని, సంగీత దర్శకుడు వెనక పెట్టమన్నది కాదు అది.

అసలు 5.1 అందినా, ముందున్న ఒక్క పెట్టె, మన పక్కలనుంచి శబ్దం ఎలా రప్పిస్తుంది? మన కుడివైపున పుట్టిన శబ్దం ఎడమ చెవికి కొంత ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యం ఎంత ఎక్కువైనా సెకనులో వెయ్యో వంతును దాటదు, దాదాపు అందులో మూడింట రెండు వంతులే. తల అడ్డు పడటంవల్ల కీచుశబ్దాలు ఎడమ చెవికి తక్కువ బలంతో అందుతాయి. చెవి డొప్పల మడతలు కూడా శబ్దం వచ్చిన దిక్కునుబట్టి దాని స్వరఛాయను మారుస్తాయి. మెదడు దిక్కును తేల్చేది ఈ ఆధారాలతోనే కనుక, వాటిని కృత్రిమంగా కల్పిస్తే లేని చోట స్పీకరు ఉన్నట్లు తోస్తుంది. అయితే ఎడమ చెవికని పంపినది కుడి చెవికీ వినిపిస్తుంది కాబట్టి, దాన్ని రద్దు చేసే తలకిందుల తరంగాన్ని కూడా పంపవలసి వస్తుంది. ఈ ఉపాయాన్ని 1960 దశకంలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో, మన దేశంలో పుట్టిన బిష్ణు అటల్, మన్‌ఫ్రెడ్ ష్రోడర్ కలిసి రూపొందించారు. 5,000 హెర్ట్జ్‌ల శబ్దతరంగం పొడవు 7 సెంటీమీటర్లే కనుక, తల కొద్దిగా పక్కకు జరిగినా ఆ రద్దు చెదిరిపోతుంది. ఇంటిల్లిపాదీ వరుసగా కూర్చున్నప్పుడు మధ్యలో ఉన్నవారికే దాని ఫలం పూర్తిగా దక్కుతుంది.

రెండో పద్ధతి గోడను వాడుకోవడం. వరుసగా అమర్చిన చిన్న స్పీకర్లకు ధ్వనిని కొంచెం కొంచెం ఆలస్యంతో అందిస్తే అది ఒక పుంజంగా పక్క గోడకు తగిలి మన చెవికి వస్తుంది. ఒక మీటరు పొడవున్న బార్ 300 హెర్ట్జ్‌ల కింది ధ్వనిని పుంజంగా మలచలేదు, ఎందుకంటే ఆ తరంగం ఆ బార్ కన్నా పొడవు. పైగా ముందుగా చెవిని చేరిన ధ్వని ఏ దిక్కునుంచి వస్తే మెదడు ఆ దిక్కునే నమ్ముతుంది. వెనువెంటనే వచ్చే ప్రతిఫలనం దానికన్నా 10 డెసిబెల్‌ల దాకా గట్టిగా ఉన్నా ఆ నమ్మకం చెదరదని జర్మన్ శాస్త్రవేత్త హెల్ముట్ హాస్ 1951లో ప్రచురించిన పరిశోధన చూపింది. కాబట్టి బార్‌నుంచి నేరుగా మనవైపు జారే ధ్వని బాగా తక్కువగా ఉంటేనే గోడనుంచి వచ్చేదానికి విలువ ఉంటుంది.

మన ఇళ్ల తీరు ఇక్కడే అడ్డుపడుతుంది. గాలి కోసం హాలుకు ఒకవైపు వరండా తలుపు తెరిచి ఉంచే ఇళ్లలో ఆ వైపు పుంజం బయటికే పోతుంది, రెండోవైపు మాత్రం తిరిగి వస్తుంది. నేలకు చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు పరిచిన హాలులో మరో చిక్కు: నునుపు రాయి తన మీద పడిన ధ్వనిశక్తిలో నూటికి 97 పాళ్లకు పైగా తిప్పికొడుతుంది. సిమెంటు గోడలు, స్లాబు కూడా దాదాపు అంతే. అలా పదేపదే తిరిగిన ధ్వని అన్ని వైపులనుంచీ వచ్చి దిక్కులను కలగాపులగం చేస్తుంది, మాటలను కూడా మసకబారుస్తుంది. సోఫాకూ టీవీకీ మధ్య మందమైన తివాచీ, కిటికీలకు బరువైన తెరలు ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దుతాయి. ఖరీదైన బార్ కన్నా ముందు ఈ ఖర్చు పెట్టమనే నేను చెబుతాను. వేసవిలో జోరుగా తిరిగే ఫ్యాను చప్పుడు వెనక మార్గాల్లోని సన్నని శబ్దాలను మింగేస్తుందన్నదీ లెక్కలోకి తీసుకోవాలి.

సౌండ్‌బార్‌కు ఏమి అందుతున్నదో తెలుసుకోవడం కష్టం కాదు. చాలా బార్‌లు పీసీఎం అనో డాల్బీ అనో తమ ముఖం మీదో, ఫోన్ యాప్‌లోనో చూపిస్తాయి, కొన్ని దీపం రంగు మారుస్తాయి. హెచ్‌డీ చానల్‌లో 5.1 సినిమా వస్తున్నప్పుడు కూడా పీసీఎం అనే ఉంటే బాక్సునుంచి మొదలుపెట్టి ఒక్కొక్క అంచే వెతకాలి. డాల్బీ అని వచ్చినా వెనక శబ్దం తెలియకపోతే, ఒకవైపు తెరిచిన హాలు ఉన్నవారు గోడల మీద ఆధారపడే బార్‌ను కాక, విడిగా రెండు వెనక స్పీకర్లు వచ్చే రకాన్ని ఎంచుకుని, వాటిని కూర్చునే చోటుకు ఇరుపక్కలా, చెవి ఎత్తుకు కాస్త పైన అమర్చుకోవడం మంచిది.