డ్రమ్ము మీద ఏం రాసుందో ఎవరికి తెలుసు?

విశాఖ ఆటోనగర్‌లోని ఒక గోదాములో ఆ మధ్య టోలీన్ అనే రసాయనం డ్రమ్ములు దించుతుంటే దగ్గర నిలబడి చూశాను. డ్రమ్ము మీద ఎర్ర అంచు డైమండులో మంట బొమ్మ, కింద చీమల్లాంటి ఇంగ్లిషు అక్షరాలు. దొర్లిస్తున్న కుర్రాడిది శ్రీకాకుళం వైపు, తెలుగు బాగానే చదువుతాడు. ఇదేంటి తమ్ముడూ అనడిగితే, "థిన్నర్లో కలిపేది సార్, అగ్గిపుల్ల గీయొద్దన్నారు" అన్నాడు. అంతవరకూ నిజమే. కానీ టోలీన్ 4 డిగ్రీల చలిలోనే అంటుకునేంత ఆవిరి వదులుతుంది. విశాఖ ఎండకు వేరే చెప్పాలా? స్విచ్చు వేసినప్పుడు రేగే నిప్పురవ్వ చాలు. ఈ మాట అతనికెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన సేఫ్టీ డేటా షీటు, 16 భాగాలూ ఇంగ్లిషులోనే, ఆఫీసు బీరువాలో ఉంది. పెట్రోలియం నిబంధనల ప్రకారం టోలీన్ కూడా పెట్రోలుతో పాటు అన్నిటికంటే తేలిగ్గా అంటుకునే 'ఎ' తరగతేనంటే ఓనరుగారే ఆశ్చర్యపోయారు.

చట్టాలు లేకనా ఇదంతా? కాదు. 1984 డిసెంబరులో భోపాల్ జనం తాము పీల్చుతున్నదేమిటో తెలియకుండానే ప్రాణాలు వదిలారు. ఆ ఘోరం నుంచే 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదాల వివరాలను యజమానే కార్మికులకూ, చుట్టుపక్కల ఊళ్లకూ చెప్పాలని 41బి సెక్షన్ చేర్చారు. ముప్పు ముంచుకొస్తోందనిపిస్తే హెచ్చరించే హక్కును 41హెచ్ కార్మికుడికే ఇచ్చింది. నాకు తెలిసిన హెల్పర్లలో ఈ హక్కు గురించి విన్నవాళ్లు ఒక్కరూ లేరు. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలు డేటా షీట్లు, లేబుళ్లు, ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ తెచ్చాయి. 1996లో జిల్లా, స్థానిక స్థాయి సంక్షోభ బృందాలు కూడా వచ్చాయి. వీటిలో బరువైన బాధ్యతలు నిల్వ పరిమాణాన్ని బట్టి ఉంటాయి. అందుకే చిన్న వ్యాపారులు ఇదంతా పెద్ద ఫ్యాక్టరీల వ్యవహారమనీ, తమ జోలికి ఏ నిబంధనా రాదనీ అనుకుంటారు.

విశాఖకు తొలి పెద్ద దెబ్బ 1997 సెప్టెంబరు 14న తగిలింది. హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో గ్యాస్ అంటుకుని సుమారు 60 మంది చనిపోయారు. తర్వాత పరవాడలో ఫార్మా సిటీ, అచ్యుతాపురంలో సెజ్ వచ్చాయి. రసాయనాలు తయారుచేసే రియాక్టర్లు పెరిగాయి, కాంట్రాక్టు కూలీలూ పెరిగారు.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం నిద్రలో ఉంది. లాక్‌డౌన్‌లో ఆగిన ఎల్‌జీ పాలిమర్స్‌లో, ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ ట్యాంకు వేడెక్కి ఆవిరి చిమ్మింది. 12 మంది చనిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ చెప్పిన సంగతులు చదివితే కడుపు తరుక్కుపోతుంది. ట్యాంకు ఉష్ణోగ్రతను అడుగున మాత్రమే కొలిచేవారు, పైభాగం ఎంత కాగుతోందో తెలిసే దారే లేదు. స్టైరీన్ గడ్డకట్టకుండా కలపాల్సిన టీబీసీ అనే రసాయనం నిల్వ లేదు. సైరన్ మోగించేందుకు 36 చోట్ల మీటలున్నా ఒక్కటీ నొక్కలేదు. స్టైరీన్ ఆవిరి గాలికంటే బరువు, నేలను పట్టుకునే పాకుతుంది. ఆ ముక్క ముందే తెలిసుంటే ఆ రాత్రి ఎటు పరుగెత్తాలో కొందరికైనా తోచేది.

రెండు నెలలైనా తిరక్కుండానే పరవాడలోని ఒక ఫార్మా యూనిట్లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఇద్దరిని బలితీసుకుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే గ్యాస్ అది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారుతుంది, వాసన ఆగిపోతుంది. గ్యాస్ పోయిందనుకుని లోపలికి అడుగేస్తే అంతే. షిఫ్టు మొదట్లో రెండు నిమిషాలు కేటాయిస్తే చెప్పగలిగిన మాట ఇది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో లీకైన సాల్వెంట్ ఆవిరి అంటుకుని 17 మంది చనిపోయారు.

ప్రమాదం జరిగిన ప్రతిసారీ తనిఖీలు, నోటీసులు వస్తాయి. ఫ్యాక్టరీల శాఖ, కాలుష్య నియంత్రణ మండలి, అగ్నిమాపక శాఖ తలో కాగితం అడుగుతాయి. వ్యాపారి ఆ కాగితాలు సిద్ధం చేయడం నేర్చుకుంటాడు. ఆటోనగర్ ఓనరుగారి దగ్గరా లైసెన్సుల ఫైలు పక్కాగా ఉంది. కంట్లో పడితే ఏం చేయాలి, ఒలికితే దేంతో అద్ది తీయాలి, ఏ స్విచ్చు ముట్టుకోకూడదు అని తెలుగులో ఒక పేజీ రాసి గోడకు అంటించండని అడిగాను. సరేనన్నారు. మొన్న వెళ్తే గోడ ఖాళీగానే ఉంది, కుర్రాడు మారాడు.