డెల్టాలో ఉక్కపోత ఖరీదు

వడగాడ్పులను ప్రకటించడానికి మైదాన ప్రాంతాల్లో పగటి ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలని భారత వాతావరణ శాఖ నియమం పెట్టుకుంది. తీర ప్రాంతాలకు ఆ హద్దు 37 డిగ్రీలే. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది, తేమ నిండిన గాలిలో చెమట కారుతుందే తప్ప ఆరదు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే గాలి దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు కనుక, భూగోళం వేడెక్కే కొద్దీ బంగాళాఖాతాన్ని ఆనుకుని ఉన్న గోదావరి డెల్టాకు అసలు బెడద ఎండకన్నా ఉక్కపోతే.

2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వారిలో వృద్ధులు, ఎండలో పనిచేసే కూలీలు ఎక్కువ. మరణాలైతే లెక్కకు వస్తాయి. ఎండకు జడిసి పదకొండింటికే పని ఆపి పొలం గట్టెక్కిన కూలీ పోగొట్టుకున్న పని గంటలు ఏ లెక్కకూ రావు.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో ఈ వేడి మరో విధంగా పనిచేస్తుంది. 25 డిగ్రీల వద్ద లీటరు మంచినీటిలో సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 35 డిగ్రీల వద్ద 7 మిల్లీగ్రాములు మాత్రమే. ఉప్పునీటిలో ఇంకా తక్కువ. మరోవైపు, నీరు వెచ్చబడే కొద్దీ రొయ్య శరీరంలో జీవక్రియ వేగం పుంజుకుని ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. పగలు ఆక్సిజన్ వదిలే నాచు కూడా రాత్రంతా దాన్ని పీల్చుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున చెరువు ఊపిరాడని స్థితికి చేరుతుంది. అందుకే రైతు రాత్రంతా నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పాలి, కరెంటు పోతే జనరేటరు వేయాలి. వాతావరణ మార్పు ఈ ప్రాంతపు ఆర్థిక వ్యవస్థను ఎలా తాకుతోందో తెలుసుకోవాలంటే, పంట దిగుబడి పట్టికలకన్నా ముందు ఆ కరెంటు, డీజిల్ బిల్లులు చూడాలని నా అభిప్రాయం.

కోళ్లకు చెమట గ్రంథులే లేవు. అవి రొప్పుతూ వేడిని వదిలించుకునే క్రమంలో రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ అతిగా బయటికి పోయి, గుడ్డు పెంకుకు కావలసిన కాల్షియం కార్బొనేట్ చాలినంత తయారు కాదు. పెంకు పలచబడి గుడ్లు పగులుతాయి. దాళ్వా (రబీ) వరికి పూత సమయంలో 35 డిగ్రీలు దాటిన వేడి తగిలితే పుప్పొడి చెడి తాలు పెరుగుతుంది.

నేల సంగతి ఇంత సూటిగా లేదు, దానికి వాతావరణం ఒక్కదాన్నే తప్పుపట్టడం న్యాయమూ కాదు. ఆనకట్టలు ఒండ్రును ఆపేయడంతో, తన బరువుకే కుంగే డెల్టాకు కొత్త మట్టి చాలినంత చేరడం లేదు. అటు సముద్రమట్టం పెరుగుతోంది. రొయ్యల చెరువుల నుంచి ఊరే ఉప్పునీరు పక్క పొలాన్ని పాడుచేస్తోంది. వేసవి ఎండ నేలలోని నీటిని పైకి లాగి ఆవిరి చేస్తే, ఉప్పు పైమట్టిలో చౌడుగా మిగిలిపోతుంది. దాన్ని కడిగేది కాలువ నీరో, వర్షమో. దాళ్వా కోత తరువాత మరమ్మతుల కోసం కాలువలు కట్టేసే రోజుల్లోనే ఆవిరి అత్యధికం. తొలకరి ఆలస్యమైన ఏడాది ఆ చౌడు సార్వా (ఖరీఫ్) నారుమళ్ల దాకా నిలిచి ఉంటుంది.