పోకెమాన్ గోలో పట్టుడు లెక్క: నల్లగొండ, పాలమూరు ఆటగాళ్లలో తిరిగే అపోహలు - వాస్తవాలు

బయట తిరుగుతూ, ఫోన్‌లో కనిపించే జీవుల మీదికి బంతులు విసిరి పట్టుకునే ఆట పోకెమాన్ గో 2016 డిసెంబరులో అధికారికంగా మన దేశానికి వచ్చింది. అప్పటి నుంచి నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరైనా, పాలమూరు పిల్లలమర్రి దారిలోనైనా ఆడేవాళ్ల మధ్య కొన్ని మాటలు అట్లాగే చెలామణి అవుతున్నాయి. కొత్తగా మొదలుపెట్టిన పిల్లలు వాటినే నమ్మి, సంచిలో ఉన్న బంతులన్నీ ఒక్క సాయంత్రంలో ఖాళీ చేసుకుంటున్నారు. జీవి పట్టుబడుతుందా లేదా అన్నది గేమ్ ఎట్లా తేలుస్తుందో తెలిస్తే ఆ నష్టం ఉండదు.

అపోహ: అల్ట్రా బాల్ ఉంటే చాలు, ఎట్లా విసిరినా పడుతుంది.

అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే, అందుకే దీన్ని కొంచెం వివరంగా చూద్దాం. ప్రతి జీవికీ ఒక బేస్ క్యాచ్ రేటు, అంటే పట్టుబడే మూల శాతం, ఉంటుంది. జీవి లెవెల్ పెరిగేకొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది. దాని మీద మన చేతిలో ఉన్న గుణకాలు పనిచేస్తాయి. మామూలు పోకే బాల్‌కు 1, గ్రేట్ బాల్‌కు 1.5, అల్ట్రా బాల్‌కు 2. బంతిని తిప్పి వంకరగా విసిరితే, అంటే కర్వ్ వేస్తే, 1.7. విసిరే ముందు జీవికి పెట్టే పండ్లు బెర్రీలు. వాటిలో రాజ్ బెర్రీకి 1.5, సిల్వర్ పినాప్‌కు 1.8, గోల్డెన్ రాజ్‌కు 2.5. జీవి మీద కుంచించుకుపోతూ కనిపించే రింగు లోపల బంతి పడితే, రింగు ఎంత చిన్నగా ఉందో దాన్నిబట్టి 1 నుంచి 2 దాకా వస్తుంది. ఇవన్నీ ఒకదాంతో ఒకటి గుణించగా వచ్చిన సంఖ్యను గేమ్ తప్పించుకునే అవకాశానికి ఘాతంగా వేస్తుంది.

ఒక లెక్క చూడండి. బేస్ క్యాచ్ రేటు 20 శాతం, లెవెల్ 30 ఉన్న జీవి ఎదురైంది. మామూలు బాల్ తిన్నగా విసిరి, రింగు బయట తగిలితే పడే అవకాశం సుమారు 14 శాతం. అదే అల్ట్రా బాల్ అయితే 25 శాతం. ఇప్పుడు మామూలు ఎర్ర బంతినే తిప్పి, రింగు మధ్యస్థంగా చిన్నగా ఉన్నప్పుడు లోపల పడేలా, అంటే గ్రేట్ త్రో, వేయండి: 31 శాతం. చేతిలో ఒడుపు ఉంటే ఎర్ర బంతి కూడా నల్లగా ఉండే అల్ట్రా బాల్‌ను దాటేస్తుంది. అల్ట్రా బాల్, రాజ్ బెర్రీ, కర్వ్, గ్రేట్ త్రో నాలుగూ కలిస్తే 67 శాతం దాటుతుంది. అదే జీవి లెవెల్ 5లో దొరికితే, ఏ హంగూ లేకుండా తిన్నగా విసిరినా 34 శాతం ఉంటుంది.

కర్వ్ నేర్చుకోవడం కష్టమేమీ కాదు. బంతి మీద వేలు పెట్టి, దాని చుట్టూ మిణుకులు కనిపించేదాకా గుండ్రంగా తిప్పాలి. ఏ వైపు తిప్పితే ఏ వైపు వంగుతుందో నాలుగైదు బంతుల్లో తెలిసిపోతుంది. వంగే వైపుకు ఎదురుగా విసరాలి. తిన్నగా వేసే అలవాటున్నవాళ్లకు మొదట్లో బంతులు పక్కకు పోతాయి. చిన్న పిట్టల మీదే సాధన చేయండి, అవి పారిపోయినా నష్టం లేదు.

అపోహ: లోపలి రింగు చిన్నగా అయితే ఆకుపచ్చ అవుతుంది, అప్పుడే వేయాలి.

రంగుకూ రింగు సైజుకూ సంబంధం లేదు. ఆకుపచ్చ అంటే సులభం, పసుపు, నారింజ అంటే మధ్యరకం, ఎరుపు అంటే కష్టం. బెర్రీ పెట్టినా, బంతి మార్చినా రంగు మారుతుంది. అంటే విసరడానికి ముందే అవకాశం ఎంతుందో రంగు చెప్తుంది. ఎరుపు కనిపిస్తే బెర్రీ ఖర్చు పెట్టండి. ఆకుపచ్చ అయితే పినాప్ బెర్రీ పెట్టి, జీవిని పెంచడానికి వాడే క్యాండీ రెట్టింపు తీసుకోండి.

అపోహ: ఎక్స్‌లెంట్ త్రో (రింగు బాగా చిన్నగా ఉన్నప్పుడు లోపల పడే విసురు) అదృష్టం మీద పడుతుంది.

కాదు, రింగును ఆపే పద్ధతి ఒకటి ఉంది. బంతిని నొక్కిపట్టి, రింగు కావలసినంత చిన్నగా అయ్యేదాకా చూసి, విసరకుండా వేలు తీసేయండి. రింగు ఆ సైజులోనే నిలిచిపోతుంది. ఇక జీవి దాడి చేసేదాకా ఆగాలి. దాడి మొదలై ముప్పావు వంతు అయ్యాక బంతి తిప్పి విసరండి. దాడి ముగిసే క్షణానికి బంతి అక్కడికి చేరాలి. అప్పటికి రింగు మీరు ఆపిన సైజులోనే ఉంటుంది.

ఇందులో చెడిపోయేది రెండు చోట్ల. తొందరపడితే బంతి దాడికి తగిలి ఎగిరిపోతుంది, ఆ బంతి పోయినట్టే. ఆలస్యమైతే రింగు మళ్లీ కుంచించుకుపోతుంది. పాత ఫోన్‌లో బొమ్మ తడబడుతుంటే ఈ లెక్క తప్పుతుంది. ఏఆర్ (జీవిని కెమెరా దృశ్యంలో చూపే పద్ధతి) ఆపేయండి. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో నేటివ్ రిఫ్రెష్ రేట్ ఆన్ చేసి చూడండి. ఎండలో ఫోన్ వేడెక్కితే నీడకు వచ్చి కాసేపు చల్లబరచండి, ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఇది తప్పనిసరి. జీవి ఎంత దూరంలో ఉందన్నదీ చూసుకోవాలి. ఎగిరేవి పైన ఉంటాయి కాబట్టి వాటికి కొంచెం ఎక్కువ ఊపు కావాలి.

అపోహ: నానాబ్ బెర్రీ పెడితే పారిపోదు.

నానాబ్ జీవి కదలికను, దాడులను తగ్గిస్తుంది. అంటే గురి కుదురుతుంది, అంతే. పారిపోవడం వేరే లెక్క. బంతిలోంచి తప్పించుకున్న ప్రతిసారీ ఆ జీవికి నిర్ణయించిన శాతం ప్రకారం అది ఉండడమో, పోవడమో జరుగుతుంది. గురి తప్పి బంతి తగలకపోతే బంతి పోతుంది కానీ, పెట్టిన బెర్రీ అట్లాగే ఉంటుంది, మళ్లీ పెట్టాల్సిన పని లేదు.

బంతి ఊగుతున్నప్పుడు స్క్రీన్ నొక్కుతూ ఉంటే పడుతుందన్న మాటా ఉంది. పాత గేమ్‌బాయ్ రోజుల్లో బటన్ నొక్కిపట్టే అలవాటు నుంచి వచ్చిందది. ఫలితం బంతి తగిలినప్పుడే తేలిపోతుంది. ఊగడం మనకు చూపించే బొమ్మ మాత్రమే.

అపోహ: వాతావరణం కలిసొస్తే పట్టడం సులభం.

సగం నిజం, సగం తలకిందులు. వాతావరణం కలిసిన రకం జీవులు ఎక్కువగా కనిపిస్తాయి, జీవుల బలం పెంచడానికి వాడే స్టార్‌డస్ట్ 25 శాతం ఎక్కువ వస్తుంది. కానీ వాటి లెవెల్ 5 పెరుగుతుంది. మామూలుగా అడవి జీవి లెవెల్ 30 దాటదు, వాతావరణం కలిస్తే 35 దాకా పోతుంది. లెవెల్ పెరిగింది కాబట్టి పట్టడం కొంచెం కష్టమవుతుంది. బలమైనది కావాలంటే ఆ కష్టం పడాల్సిందే.

నల్లగొండ ఎండాకాలంలో ఆకాశం తేటగా ఉండే రోజులే ఎక్కువ. అప్పుడు గడ్డి, నేల, నిప్పు రకాలకు బలం. వానలు పడే జూన్ నుంచి సెప్టెంబరు దాకా నీరు, కరెంటు, పురుగు రకాలు చూడండి. అయితే గేమ్‌లోని వాతావరణం గంటగంటకూ సూచనల నుంచి వస్తుంది. పానగల్ ఉదయ సముద్రం కట్ట మీద మీరు తడుస్తున్నా ఫోన్‌లో మబ్బు మాత్రమే కనిపించవచ్చు. ఫోన్‌లో ఉన్నదే లెక్క.

అపోహ: చిన్న పిట్టలు, ఎలుకలు పట్టడం వృథా.

ఒక్కో రకానికి ఒక మెడల్ ఉంటుంది. ఆ రకంవి 10 పడితే బ్రాంజ్, 50కి సిల్వర్, 200కి గోల్డ్, 2500కి ప్లాటినం. అవి వరుసగా 1.1, 1.2, 1.3, 1.4 గుణకాలు ఇస్తాయి. జీవికి రెండు రకాలుంటే రెండు మెడల్‌ల సగటు పడుతుంది. ఇవాళ పట్టిన పిట్ట రేపు పెద్ద ఎగిరే జీవి ఎదురైనప్పుడు ప్రతి బంతికీ పని చేస్తుంది. బెర్రీలాగా అయిపోయేది కాదు కాబట్టి దీన్ని అస్సలు వదులుకోవద్దు.

అపోహ: షైనీ (వేరే రంగులో అరుదుగా వచ్చే జీవి) పారిపోదు.

రైడ్‌లో, అంటే నలుగురు కలిసి చేసే పోరులో, వచ్చిన లెజెండరీ షైనీకి బంతి తగిలితే చాలు, పడుతుంది. అక్కడ ధైర్యంగా పినాప్ పెట్టండి. బయట దొరికే షైనీకి ఆ హామీ లేదు, అది మామూలు జీవిలాగే తప్పించుకుని పోవచ్చు. పక్కవాడికి షైనీ వచ్చిందని అదే జీవి మీకూ షైనీగా కనిపించదు. ఎవరి లెక్క వారిది.

అపోహ: చిన్న ఊళ్లలో ఫేక్ జీపీఎస్ (వేరే చోట ఉన్నట్టు చూపే యాప్) లేకుండా ఏమీ దొరకదు.

అది వాడుతూ పట్టుబడితే మొదటిసారి హెచ్చరిక, రెండోసారి సుమారు 30 రోజుల నిషేధం, మూడోసారి ఖాతా పూర్తిగా పోతుంది. ఏళ్ల కష్టం పోగొట్టుకోకండి. స్టాప్‌లు (బంతులు దొరికే చోట్లు) తక్కువున్న ఊళ్లో జీవులను మన దగ్గరికి రప్పించే ఇన్సెన్స్ బాగా పనిచేస్తుంది. కూర్చుంటే సుమారు 5 నిమిషాలకొకటి వస్తుంది, నడిస్తే నిమిషానికొకటి. అందుకే ఇంట్లో మంచం మీద వెలిగించి వృథా చేయకండి.

రోజుకు ఒకసారి ఉచితంగా దొరికే డైలీ అడ్వెంచర్ ఇన్సెన్స్ 15 నిమిషాలు ఉంటుంది, అదీ నడకతోనే ఫలిస్తుంది. గలార్ పక్షులనే మూడు లెజెండరీ జీవులూ అందులోనే అరుదుగా వస్తాయి. వాటి బేస్ క్యాచ్ రేటు 0.3 శాతం, పారిపోయే అవకాశం 90 శాతం. ఎంత ఒడుపున్నవాళ్లకైనా మొదటి బంతికే అంతా తేలిపోతుంది. గోల్డెన్ రాజ్ పెట్టి, అల్ట్రా బాల్‌తో, రింగు ఆపి కర్వ్ వేయండి. మాస్టర్ బాల్ ఉంటే తప్పక పడుతుంది, దాన్ని ఇట్లాంటి వాటికే దాచుకోండి. నడిచేటప్పుడు రోడ్డు అంచు వదిలి కట్ట మీదికో, పార్కులోకో వెళ్లండి. పక్షి కనిపించగానే ఆగి నిలబడి, రెండు చేతులతో ఫోన్ పట్టుకున్నాకే విసరండి.