ఓటు అడగని విద్యార్థి నాయకులు

తెలుగులో ‘విద్యార్థి సంఘం’ అనే మాటను రెండు వేర్వేరు వాటికి వాడేస్తాం. ఒక పార్టీకి అనుబంధంగా, జెండాతో, రాష్ట్ర కమిటీతో నడిచేది ఒకటి. క్యాంపస్‌లో చదివేవాళ్లందరూ ఓట్లేసి ఎన్నుకునే స్టూడెంట్స్ యూనియన్ ఇంకొకటి. ఇక్కడి రాష్ట్ర యూనివర్సిటీల్లో చదివి, ఇప్పటికి యాభై దాటనివాళ్లకు మొదటిదే తెలుసు. రెండోది పెద్దవాళ్లు చెప్తే వినడమే.

ఎందుకంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల చివర్లో ఆ ఎన్నికలు ఆగిపోయాయి. విచిత్రమేమిటంటే, ఓటు వయసును 21 నుంచి 18కి తగ్గించిన 61వ రాజ్యాంగ సవరణ కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే, 1989 మార్చిలో అమల్లోకి వచ్చింది. డిగ్రీ కుర్రాడికి ఎంపీని ఎన్నుకునే హక్కు వచ్చింది, తన కాలేజీ ప్రెసిడెంట్‌ని ఎన్నుకునే వీలు పోయింది.

ఆపడానికి కారణాలు లేకపోలేదు. క్యాంపస్‌లలో కొట్లాటలు, కులం లెక్కలు, బయటి నాయకుల డబ్బు, వాయిదా పడే పరీక్షలు ఉండేవి. 1972లో ఉస్మానియాలో విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డి హత్య నాటి వాతావరణం చాలా ఏళ్లు జనం మనసులో ఉండిపోయింది. పిల్లల్ని చదువుకు పంపిన తల్లిదండ్రులు ఎన్నికలు పోతే పోయాయనుకున్నారు. తర్వాత ఏ పార్టీ అధికారంలోకి వచ్చినా వాటిని తిరిగి పెట్టే తొందర చూపలేదు.

అయితే కొట్లాటలతో పాటు ఇంకొకటీ పోయింది. వెంకయ్యనాయుడు 1971లో నెల్లూరు వీఆర్ కాలేజీ యూనియన్‌కు, 1973-74లో ఆంధ్ర యూనివర్సిటీ కాలేజీల యూనియన్‌కు అధ్యక్షుడయ్యారు. 1978లో ఉదయగిరి ఎమ్మెల్యేగా గెలిచేసరికి ఆయనకింకా ముప్ఫై రాలేదు. కానీ ఓట్లు అడగడం అప్పటికే కొత్త కాదు. యూనియన్ ఎన్నికంటే హాస్టల్లో గది గదికీ తిరగాలి. మన జిల్లా కాని వాడి తలుపూ కొట్టాలి, మనల్ని చూస్తేనే మొహం తిప్పుకునే వాడి మంచం మీదా కూర్చుని మాట్లాడాలి. మెస్ బిల్లు ఎందుకు పెరిగిందని అడిగితే నినాదం చెప్తే సరిపోదు, జవాబు కావాలి. ధర్నాలో ముందు వరుసలో నిలబడ్డా నాయకుడవ్వచ్చు, 2009 తర్వాత తెలంగాణ ఉద్యమంలో ఉస్మానియా విద్యార్థుల జేఏసీ (ఉమ్మడి కార్యాచరణ కమిటీ) నుంచి ఎంతోమంది అలాగే వచ్చారు. కానీ ధర్నాకు వచ్చేది మనతో ఏకీభవించేవాళ్లే. ఏకీభవించని వాళ్లను ఒప్పించే పని నేర్పేది ఎన్నికే అని నా అభిప్రాయం. ఓడిపోయి, మర్నాడు అదే మెస్‌లో గెలిచినవాడి ఎదురుగా కూర్చుని తినడం కూడా.

దేశమంతటా ఈ వ్యవహారాన్ని గాడిలో పెట్టే ప్రయత్నం కేరళ నుంచి వచ్చిన ఒక కేసుతో మొదలైంది. సుప్రీంకోర్టు ఆదేశంతో మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో అధ్యక్షతన కమిటీ వేశారు. దాని సిఫార్సులను 2006 సెప్టెంబరులో అమలు చేయమంది కోర్టు. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. అచ్చు పోస్టర్లు వద్దు, చేత్తో రాసినవే అతికించాలి, అదీ చెప్పిన గోడల మీదే. హాజరు 75 శాతం ఉండాలి. డిగ్రీ వాళ్లకు వయసు 17 నుంచి 22 మధ్య.

రాత ఒకటి, జరిగేది ఒకటి. 2024లో ఢిల్లీ యూనివర్సిటీలో పోలింగ్ అయ్యాక కూడా, పోస్టర్లతో, రాతలతో పాడుచేసిన గోడలు శుభ్రం చేసేదాకా హైకోర్టు కౌంటింగే ఆపేసింది. సెప్టెంబరులో వేసిన ఓట్లను నవంబరులో లెక్కపెట్టారు!

నాకు అసలు మింగుడుపడని నిబంధన వేరే ఉంది. ఆఫీస్ బేరర్ (అధ్యక్షుడు, కార్యదర్శి లాంటి) పదవికి ఒక విద్యార్థి ఒక్కసారే పోటీ చేయాలట. ఓడితే కథ అయిపోయినట్టే. మొదటిసారి ఓడిన వాడే కదా రెండోసారి బాగా అడుగుతాడు? 1977లో ఇందిరాగాంధీని పక్కన నిలబెట్టుకుని, ఆమె ఢిల్లీలోని జేఎన్‌యూ ఛాన్సలర్ పదవికి రాజీనామా చేయాలన్న డిమాండ్ పత్రాన్ని చదువుతున్న సీతారాం ఏచూరి ఫొటో చాలామంది చూసే ఉంటారు. ఆయన 1977-78లో ఆ యూనియన్‌కు మూడుసార్లు అధ్యక్షుడయ్యారు. ఈ నిబంధన అప్పుడుంటే ఒక్కసారితో సరి. అదే జేఎన్‌యూలో లింగ్డో నిబంధనల వివాదంతో 2008లో ఆగిన ఎన్నికలు మళ్లీ 2012లో గానీ జరగలేదు.

ఇక మన దగ్గర హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎన్నికలు జరుగుతున్నాయి. అదే నగరంలోని ఉస్మానియాలో మాత్రం లేవు.

లింగ్డో కమిటీ ఇంకో మాట కూడా రాసింది. పరిస్థితి బాగాలేని చోట విద్యార్థి ప్రతినిధులను నామినేట్ చేసుకోవచ్చు, కానీ అది తాత్కాలికమే, అయిదేళ్లలోగా ఎన్నికల పద్ధతికి మారాలని. 2006 నుంచి లెక్కేసుకుంటే ఆ గడువు 2011లోనే దాటిపోయింది. చాలా కాలేజీల్లో క్లాస్ రిప్రజెంటేటివ్‌ని ఇప్పటికీ హెచ్‌ఓడీ గారే చూపుడువేలితో ఎంచుతున్నారు, ఎక్కువగా మార్కులు చూసి.