పులిని ఎవరూ లారీలో తెచ్చి దింపలేదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

పత్తి ఏరుడు మొదలైందంటే నా ఫోన్‌కి రెండు రకాల మెసేజ్‌లు వస్తాయి. ఫలానా వాగు ఇసుకలో పులి అడుగులు కనబడ్డాయని ఒకటి. "సారూ, మళ్లీ రాత్రి మీవాళ్లే పులిని వదిలిపోయిన్రట గదా" అని ఇంకొకటి. మొదటిదానికి వెంటనే బండి తీస్తాను. రెండోదానికి ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను. నేను అడవి శాఖలో కింది స్థాయి ఉద్యోగిని. ముందు కాగజ్‌నగర్ వైపు చేశాను, ఇప్పుడు నర్సంపేట, ములుగు వైపు. మా శాఖ మనిషి మా శాఖనే వెనకేసుకొస్తాడు అనుకుంటే అలాగే అనుకుని చదవండి, ఏం పర్లేదు.

అపోహ: పెద్దపులులను అడవి శాఖే రాత్రిపూట తెచ్చి వదులుతోంది.

ఒక్కసారి మ్యాప్ తెరిచి చూడండి. వార్ధా, ప్రాణహిత నదుల అవతల మహారాష్ట్ర జిల్లాలు చంద్రాపూర్, గడ్చిరోలి. అక్కడ తాడోబా టైగర్ రిజర్వ్. పెన్‌గంగ అవతల యవత్మాల్ జిల్లాలో టిప్పేశ్వర్ అభయారణ్యం. రెండు చోట్లా పులులు బాగా పెరిగాయి. పులిపిల్ల ఏడాదిన్నర, రెండేళ్లకు తల్లిని వదిలి బయటపడుతుంది, మగదైతే ఇంకా దూరం పోతుంది, ఎందుకంటే ఉన్న చోట పెద్ద మగపులి దాన్ని బతకనివ్వదు. కొత్త జాగా వెతుక్కుంటూ నడుస్తుంది. దానికి మహారాష్ట్ర, తెలంగాణ అని తేడా ఏం తెలుసు? నది అడ్డమా అంటే అదీ కాదు, పులి ఈతలో దిట్ట, ఎండాకాలం ప్రాణహితలో అయితే ఈదాల్సిన పని కూడా చాలాచోట్ల ఉండదు. 2019లో టిప్పేశ్వర్‌లో రేడియో కాలర్ (ఎక్కడుందో చెప్పే మెడపట్టీ) వేసిన ఒక కుర్ర మగపులి మన ఆదిలాబాద్ వైపు కూడా తిరిగి, చివరికి బుల్ధానా జిల్లాలోని జ్ఞానగంగ అడవికి చేరింది. అక్కడికి చేరేసరికి 1,300 కిలోమీటర్ల పైనే నడిచింది. కాగజ్‌నగర్ అడవుల్లో పిల్లల్ని పెట్టి అక్కడ పులి సంతతి నిలిపిన ఫల్గుణ అనే ఆడపులి కూడా తాడోబా వైపు నుంచి తనకు తానుగా వచ్చిందే. మన ములుగు, భూపాలపల్లి వైపైతే గోదావరి అవతల ఛత్తీస్‌గఢ్ అడవులున్నాయి, ఇంద్రావతి టైగర్ రిజర్వ్ ఉంది. 2024 డిసెంబరులో వెంకటాపురం నుంచి నల్లబెల్లి దాకా జనం పులి మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు, గుర్తుందిగా.

ఎక్కడిదో ఎలా తెలుస్తుందంటారా? ఒక పులి చారలు ఇంకో పులికి ఉండవు. మా కెమెరాలో పడ్డ ఫొటోను అవతలి రాష్ట్రం ఫొటోలతో పోల్చి చూస్తాం. అక్కడ తల్లి వెంట తిరిగినప్పటి ఫొటో దొరికిందంటే ఇక లారీ ముచ్చట ఎక్కడిది?

అసలు పులులను వదలడమే ఉండదా అంటే, ఉంటుంది. 2008లో రాజస్థాన్‌లోనే రణథంబోర్ నుంచి సరిస్కాకు పులిని హెలికాప్టర్‌లో తీసుకెళ్లారు. 2009లో మధ్యప్రదేశ్‌లోని పన్నాకు తెచ్చారు. 2018లో ఒడిశాలోని సత్‌కోసియాకు మధ్యప్రదేశ్ నుంచి రెండు తెస్తే మగది చచ్చిపోయింది, ఊళ్లవాళ్లు ఎదురుతిరిగారు, ఆడపులిని చివరికి వెనక్కి పంపాల్సి వచ్చింది. 2023లో మహారాష్ట్రలోని నవేగావ్-నాగ్‌జిరాలో అటవీ మంత్రి ముందే వదిలారు. మధ్యప్రదేశ్‌లోని కూనోకు ఆఫ్రికా నుంచి తెచ్చిన చీతాల సంగతి చెప్పనే అక్కర్లేదు, దేశమంతా టీవీలో చూసింది. ఇలాంటి ప్రతిదానికీ ఢిల్లీలోని పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ అనుమతి కావాలి, మత్తుమందు ఇచ్చే డాక్టర్లు కావాలి, వదిలాక రాత్రింబవళ్లు వెనక తిరిగే మనుషులు కావాలి. ఇక్కడ ఖాళీ బోనును పక్క మండలానికి తీసుకెళ్తుంటేనే నలుగురు ఫొటోలు తీసి గ్రూపుల్లో పెడతారు. నిండు పులిని నది దాటించి గుట్టుగా దింపడం ఎవరి తరం?

ఈ పుకారు మీద నాకు కోపం శాఖ పరువు పోతుందని కాదు. దీనివల్ల పోయేది మీ డబ్బు, ఒక్కోసారి మీ ప్రాణం.

కాగజ్‌నగర్ వైపు ఉన్నప్పుడు ఒక గూడెంలో ఒకాయన ఎద్దును పులి కొట్టింది. మాకు చెప్పలేదు. "వాళ్లు వదిలిన పులే, వాళ్లకే చెప్తే మన మీదనే కేసు పెడ్తరు" అన్నారట చుట్టుపక్కలవాళ్లు. కళేబరాన్ని లాక్కెళ్లి పూడ్చేశారు. మాకు తెలిసేసరికి చాలా ఆలస్యమైంది, ఫొటో లేదు, అడుగులు లేవు, పశువుల డాక్టర్ సర్టిఫికెట్ రాయడానికి ఏమీ మిగల్లేదు. పరిహారం రాలేదు. ఆయన అప్పు తెచ్చి కొన్న జోడీ అది, ఒక్క ఎద్దుతో దున్నేదెట్లా? ఆయన భార్య నన్నేమీ అనలేదు, మంచినీళ్లిచ్చి కూర్చోమంది, నాకు తలెత్తి చూడ్డం కష్టమైంది.

పులి పశువును కొడితే కళేబరాన్ని కదిలించకండి, ఆ రోజే బీట్ ఆఫీసర్‌కి ఫోన్ చేయండి, పంచనామా అయ్యేదాకా ఆగండి. కోపంతో దానిమీద పురుగుల మందు మాత్రం చల్లకండి. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు చనిపోయినప్పుడు విషం సంగతే బయటికొచ్చింది, తర్వాత కేసులు, జైళ్లు. పరిహారం వచ్చేచోట బెయిల్ కోసం తిరగడం అంటే ఏమనాలి?

ఇంకొకటి: "వాళ్లు వదిలిందే కదా, మెడకు చిప్ ఉంటది, ఎక్కడుందో వాళ్లకు తెల్వదా?" తెలియదండీ. మన అడవుల్లో తిరిగే పులుల్లో దాదాపు దేనికీ కాలర్ లేదు. కెమెరా, అడుగులు, పెంట, ఆపైన మీరు చెప్పే మాట, మాకున్నవి ఇవే. మీరు చెప్పడం మానేస్తే మేం సగం గుడ్డివాళ్లమే. 2024 నవంబరు చివర్లో కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరుతున్న ఒక యువతి పులి దాడిలో పోయింది, మర్నాడే సిర్పూర్ వైపు ఒక రైతు మీద పడింది. వంగి పత్తి ఏరే మనిషి పులికి మనిషిలా కనబడదు. అందుకే గుంపుగా పొమ్మంటాం, పొద్దెక్కాక వెళ్లి పొద్దుండగానే ఇంటికి రమ్మంటాం, తల వెనక పెట్టుకోమని మనిషి మొహం మాస్కులిస్తాం. కూలి పోతుందని మీరు పడే టెన్షన్ నాకు తెలుసు, చేను అడవి అంచున ఉంటే ఇంట్లో కూర్చోమనడం తేలిక కాదు.

ఇక "పోడు భూములు ఖాళీ చేయించడానికే పులుల్ని వదులుతున్నరు" అనే మాట. భూమి భయం ఉత్తదే అని నేననను. 2025 మేలో కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వ్ అనే రక్షిత అడవి కోసం జీవో 49 వచ్చింది, ఆదివాసీ సంఘాలు గట్టిగా అడిగాయి, జూలైలో ప్రభుత్వం దాన్ని నిలిపేసింది. చూడండి, జీవో మీద నేరుగా అడిగితే జవాబు వచ్చింది. లారీ కథ మీద ఎవరు జవాబు చెప్తారు? మీ ప్రశ్నను అలుసు చేయడానికే అది పనికొస్తుంది.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. చిరుతల విషయంలో కొంత నిజం ఉంది, ఊళ్లో చిక్కినదాన్ని అడవిలో వదులుతారు, 2024లో శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ దగ్గర దొరికినదాన్ని అలాగే నల్లమలలో వదిలారు, వార్తల్లో కూడా వచ్చింది. పడవ మీది నుంచి పులి నీళ్లలోకి దూకే వీడియో ఒకటి "మంగపేట దగ్గర గోదావరిలో" అని తిరుగుతోంది, అది సుందర్‌బన్స్, పక్కన చెట్లు చూసినా తెలుస్తుంది. అడుగులో గోళ్ల గుర్తులు పడితే అది సాధారణంగా కుక్కో దుమ్ములగొండో, పులి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది. బస్తాల్లో పాములు తెచ్చి పోస్తారనేదానికి నా దగ్గర జవాబు లేదు, నవ్వు మాత్రం ఉంది.

కోతుల మాటకొస్తే నేను వాదించను. పట్టణాల్లో డబ్బులిచ్చి పట్టించి ఊళ్ల పొలిమేరల్లో దింపిపోయేవాళ్లు నిజంగానే ఉన్నారు, నిర్మల్ దగ్గర కోతుల కోసం కేంద్రం పెట్టాక కూడా. బండి నంబర్ రాసిపెట్టుకుని మాకు పంపండి. మా ఊళ్లో మా అన్న ఈసారి మక్క వేయడమే మానేసిండు.